రీసెట్ పిన్ను చివరగా తీసేవారు: సికింద్రాబాద్‌లో ఒక వైఫై సేవపై సమీక్ష

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను జంటనగరాల్లో అందరూ సీటీసీ అనే అంటారు. కంప్యూటరు కొనాలన్నా, పాడైన ల్యాప్‌టాప్‌ను బాగుచేయించాలన్నా ఇక్కడివారికి ముందుగా గుర్తొచ్చే చోటు అదే. అక్కడ రౌటర్లు, స్విచ్చులు, నెట్‌వర్క్ కేబుళ్లు అమ్మే ఒక చిన్న షాపువారు పాస్‌వర్డు మరిచిపోయిన రౌటర్లను సరిచేసే పని కూడా చేస్తారు. రౌటరును షాపుకు తీసుకెళ్లవచ్చు, లేదా వారి మనిషినే ఇంటికి పిలవవచ్చు. నల్లకుంటలోని మా అత్తయ్య, మామయ్యగార్ల ఇంటికి పిలిపించినప్పుడు వారి పనితీరును పక్కనే ఉండి చూశాను. ఇద్దరు మనుషులతో నడిచే షాపు కనుక పేరు రాయవద్దని యజమాని కోరారు, అందుకే రాయడం లేదు. అయినా వారు ఏది ముందు, ఏది తరువాత చేస్తారో తెలిస్తే, మీ వీధిలో మరొకరిని పిలిచినప్పుడైనా ఏమి అడగాలో తెలుస్తుందన్న ఉద్దేశంతో కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఆ ఇంట్లోని ఏర్పాటు నగరంలో చాలా ఇళ్లలో కనిపించేదే. కింది అంతస్తులో ఇంటర్నెట్ కంపెనీవారు బిగించిన ఫైబర్ పెట్టె ఒకటి, దాని నుంచి కేబులు లాగి మెట్ల గోడకు తగిలించిన సొంత రౌటరు ఒకటి ఉన్నాయి. రౌటరును అమర్చిన మా బావ ఉద్యోగరీత్యా పుణెకు వెళ్లిపోయాడు, పాస్‌వర్డులు ఆయనకూ గుర్తులేవు. కొత్తగా కొన్న టీవీకి వైఫై కలపాలి, పై వాటాలో కొత్తగా దిగినవారు కూడా అడుగుతున్నారు. ఇంట్లోని పాత ఫోన్లు, గేటు దగ్గరి రెండు కెమెరాలు మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. వీటన్నిటికంటే మామయ్యగారికి ఎక్కువ బెంగ మరొకటి: ఖాళీ చేసి వెళ్లిన పాత కిరాయిదార్ల ఫోన్లలో ఆ పాస్‌వర్డు ఇంకా ఉంటుంది కదా అని.

వచ్చిన యువకుడు రౌటరు జోలికి వెంటనే పోలేదు. ముందుగా అత్తయ్యను, "అమ్మా, మీ ఫోన్ల వైఫై నడుస్తుందా?" అని అడిగాడు.

"నడుస్తుంది నాయనా, టీవీకే రావడం లేదు."

"అయితే పాస్‌వర్డు ఎక్కడికీ పోలేదమ్మా. మీ ఫోన్లనే ఉంది, తీద్దాం."

ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చినది ఈ మొదటి ప్రశ్నే. ఇంట్లో ఒక్క ఫోను గాని, ఒక్క ల్యాప్‌టాప్ గాని ఆ వైఫైకి కలిసి ఉన్నంతవరకు పాస్‌వర్డు కోసం రౌటరును రీసెట్ చేయవలసిన, అంటే అందులోని సెట్టింగులన్నీ చెరిపి కొన్నప్పటి స్థితికి తేవలసిన, అవసరం దాదాపుగా ఉండదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి వైఫై సెట్టింగుల్లో మనం కలిసిన నెట్‌వర్కు పేరు మీద నొక్కితే 'షేర్' అనే ఐచ్ఛికం కనిపిస్తుంది. ఫోను లాక్ తీసే పిన్నో వేలిముద్రో ఇస్తే ఒక క్యూఆర్ కోడ్ తెర మీదికి వస్తుంది, చాలా ఫోన్లలో ఆ కోడ్ కిందనే పాస్‌వర్డు అక్షరాల్లో కూడా ఉంటుంది. అక్షరాలు చూపని ఫోనైతే ఆ కోడ్‌ను మరో ఫోనుతో స్కాన్ చేసి చదువుకోవచ్చు, ఎందుకంటే అందులో దాగి ఉన్నది వైఫై పేరు, భద్రతా పద్ధతి, పాస్‌వర్డు కలిపి రాసిన ఒక మామూలు వాక్యమే. ఐఫోనులో 2022 నాటి ఐఓఎస్ 16 నుంచి వైఫై పేరు పక్కనున్న గుర్తును నొక్కి, ముఖం గాని వేలిముద్ర గాని చూపితే పాస్‌వర్డు కనిపిస్తుంది. విండోస్ కంప్యూటరులో కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్ నుంచి వైర్‌లెస్ ప్రాపర్టీస్‌కు, అక్కడి సెక్యూరిటీ భాగానికి వెళ్లి 'షో క్యారెక్టర్స్' అన్న గడిలో టిక్ పెడితే చాలు. అత్తయ్య ఫోనులోంచి పాత వైఫై పాస్‌వర్డును అతడు అలాగే బయటికి తీశాడు, టీవీ అప్పుడే కలిసిపోయింది.

టీవీ కోసమే పిలిచి ఉంటే పని అంతటితో ముగిసేది. కానీ మామయ్యగారికి పాస్‌వర్డు మార్చాలని ఉంది, మార్చాలంటే రౌటరు లోపలికి వెళ్లాలి. అసలు చిక్కు అక్కడే ఉంటుంది, నాకు తెలిసిన చాలా ఇళ్లలో తికమక పడేదీ అక్కడే. ఇంటర్నెట్ విషయంలో ఒక ఇంటికి సాధారణంగా మూడు వేర్వేరు పాస్‌వర్డులు ఉంటాయి. ఫోన్లు, టీవీలు కలవడానికి ఇచ్చే వైఫై పాస్‌వర్డు ఒకటి. రౌటరు సెట్టింగుల పేజీ తెరవడానికి కావలసిన అడ్మిన్ పాస్‌వర్డు రెండోది. ఆ పేజీని బ్రౌజరులో 192.168.0.1 అనో 192.168.1.1 అనో కొట్టి తెరుస్తారు, జియోఫైబర్ పెట్టెల్లో అది 192.168.29.1. ఇక మూడోది చాలామంది ఎన్నడూ చూడనిది. ఇంటర్నెట్ కంపెనీ తన వినియోగదారును గుర్తుపట్టడానికి ఇచ్చే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డు అవి. కొన్ని కంపెనీల కనెక్షన్లకు ఇవి అవసరం ఉండవు. మామయ్యగారి కనెక్షనుకు అవసరం, పైగా వాటిని దాచుకున్నది మెట్ల గోడ మీది సొంత రౌటరే. రౌటరును రీసెట్ చేస్తే మొదటి రెండూ కొత్తవి పెట్టుకోవచ్చు గాని, మూడోది చెరిగిపోతే ఇంట్లో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తూనే ఇంటర్నెట్ మాత్రం రాదు.

అందుకే ఆ యువకుడు మామయ్యగారి చేత, కనెక్షను నమోదైన ఆయన ఫోను నుంచే, కంపెనీ కస్టమర్ కేర్‌కు మాట్లాడించాడు. బిల్లు మీద ముద్రించిన నంబరుకే చేయమన్నాడు. వారు ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి నిర్ధారించుకుని, యూజర్‌నేమ్ చెప్పి, కొత్త పాస్‌వర్డును సందేశంగా పంపారు. ఆ సందేశం చేతికి అందేదాకా అతడు కుర్చీలోంచి లేవలేదు. మా కూకట్‌పల్లి ఫ్లాటులో అంతకుముందు ఒక మెకానిక్ ఈ ఒక్క ఫోను చేయించకుండా రీసెట్ నొక్కడం వల్ల రాత్రంతా ఇంటర్నెట్ లేకుండా గడిపాం కనుక, ఈ జాగ్రత్త విలువ నాకు బాగా తెలుసు.

రీసెట్‌కు ముందు అడ్మిన్ పేజీని మామూలుగా తెరిచే ప్రయత్నాలు కూడా చేశాడు. రౌటరును మేకు మీది నుంచి దించి తిప్పితే అడుగున కంపెనీ అంటించిన స్టిక్కరు ఉంది. మోడల్ పేరు, ఆ పరికరాన్ని గుర్తించే మ్యాక్ నంబరు, మొదటి వైఫై పేరు, మొదటి పాస్‌వర్డు అన్నీ అందులోనే ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి ఆ అచ్చు గోధుమరంగులోకి తిరిగి, ఒక అక్షరం 8 అంకెలాగానూ ఇంగ్లీషు బీ లాగానూ కనిపిస్తోంది. అతడు టార్చిని స్టిక్కరుకు ఏటవాలుగా పట్టి ఫోటో తీసి, తెర మీద పెద్దది చేసి చదివాడు. ఎదురుగా వెలుగు పడితే కాగితం మెరిసి అచ్చు మాయమవుతుందని, పక్క నుంచి పడితే అక్షరం అంచులు తేలుతాయని చెప్పాడు. ఆ పాస్‌వర్డు పనిచేయలేదు, బావ దాన్ని ఎప్పుడో మార్చాడు. తరువాత మామయ్యగారి పాత కంప్యూటరు బ్రౌజరులో దాచిన పాస్‌వర్డుల జాబితా తెరిచి చూశాడు, అక్కడా లేదు. ఇవన్నీ అయ్యాకే సంచిలోంచి సిమ్ తీసే పిన్ను బయటికి వచ్చింది.

రీసెట్ పని చిన్నదే అయినా తప్పు చేయడానికి వీలున్నది. రౌటరుకు కరెంటు అందుతూ ఉండగానే చేయాలి, ఆపి నొక్కితే ఫలితం ఉండదు. వెనుక వైపున్న సన్నని రంధ్రంలో పిన్ను గుచ్చి, బటన్ లోపలికి దిగినట్టు వేలికి తెలిశాక, దాదాపు పది సెకన్లు వదలకుండా పట్టుకోవాలి. దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగినా, ఆరిపోయి తిరిగి మొదలైనా పని జరిగినట్టు. ఒకటి రెండు సెకన్లు నొక్కి వదిలితే రౌటరు ఆగి మొదలవుతుందే తప్ప చాలా మోడళ్లలో సెట్టింగులు చెరగవు. కొన్నిటిలో పాస్‌వర్డు కొట్టకుండానే పరికరాలను వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ అనే సదుపాయం, రీసెట్ రెండూ ఒకే బటన్‌కు ఉంటాయి, ఎంతసేపు నొక్కామన్నదాన్ని బట్టి అది చేసే పని మారుతుంది. మోడల్‌ను చూసి మాన్యువల్ ప్రకారం నొక్కడం మంచిదన్నది అందుకే.

ఇంతలో మామయ్యగారు, ఎలాగూ చేస్తున్నాం కనుక కింది ఫైబర్ పెట్టెను కూడా ఒకసారి రీసెట్ చేయమన్నారు. యువకుడు మర్యాదగానే, గట్టిగా వద్దన్నాడు. "సార్, అది కంపెనీవాళ్ల సామాను. అది చెరిగిపోతే నేను కూర్చున్నా రాదు, వాళ్ల మనిషి రావాల్సిందే." నిజమే. ఫైబరు కొసన ఉండే ఆ పెట్టె కంపెనీ కేంద్రంలోని యంత్రానికి తనను తాను పరిచయం చేసుకుంటేనే లైను తెరుచుకుంటుంది. ఆ పరిచయానికి కావలసిన వివరాలను, కంపెనీ పెట్టిన ఇతర సెట్టింగులను కొన్ని కంపెనీలు పెట్టెలోనే దాచుతాయి. అవి చెరిగితే ఇంట్లో కూర్చుని తిరిగి నింపడం మన చేతిలో ఉండదు. పైగా ఆ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసిన ఎర్ర దీపం వెలుగుతుంటే తప్పు పాస్‌వర్డుది కాదు, ఫైబరుది. తీగ వంగడమో తెగడమో జరిగి ఉంటుంది, దానికి ఎన్ని రీసెట్‌లు చేసినా ప్రయోజనం లేదు.

రీసెట్ తరువాత జరిగినది ఈ సేవలో అన్నిటికంటే తెలివైన భాగం. మొదట అడ్మిన్ పాస్‌వర్డు, తరువాత కంపెనీ ఇచ్చిన పీపీపీఓఈ వివరాలు నింపగానే ఇంటర్నెట్ వచ్చింది. వైఫై పేరు, పాస్‌వర్డు, భద్రతా పద్ధతి మూడూ పాతవే పెడితే ఇంట్లోని పరికరాలన్నీ ఎవరి ప్రమేయం లేకుండా వాటంతట అవే కలుస్తాయి, ఎందుకంటే అవి గుర్తుపెట్టుకునేది ఆ మూడింటినే గాని రౌటరును కాదు. కానీ పాతదే ఉంచితే మామయ్యగారి బెంగ తీరదు. అందుకని అతడు కొత్త పేరు, కొత్త పాస్‌వర్డులతో అసలు వైఫైని తెరిచి, పాత పేరు, పాత పాస్‌వర్డులతో గెస్ట్ నెట్‌వర్కును, అంటే అదే రౌటరు అతిథుల కోసం విడిగా ఇచ్చే రెండో వైఫైని, తాత్కాలికంగా నడిపాడు. నిచ్చెన వేసి ఎక్కితే తప్ప అందని గేటు కెమెరాలు ఆ పాత పేరును పట్టుకుని తిరిగి పనిచేయడం మొదలుపెట్టాయి. వాటిని వాటి యాప్‌లోంచే ఒక్కొక్కటిగా కొత్త వైఫైకి మార్చాడు. రెండూ మారాక పాత పేరును తీసేసి, అదే గెస్ట్ నెట్‌వర్కుకు వేరే పేరు, వేరే పాస్‌వర్డు పెట్టి పై వాటావారికి ఇప్పించాడు. ఇక వారు ఎప్పుడు ఖాళీ చేసినా గెస్ట్ పాస్‌వర్డు ఒక్కటి మారిస్తే చాలు, ఇంటి పరికరాలను ముట్టుకోనక్కరలేదు. కెమెరా యాప్‌లో వైఫై మార్చే సదుపాయం లేకపోతే ఈ పద్ధతి కుదరదు, నిచ్చెన ఎక్కక తప్పదు. ఏమైనా పాత పాస్‌వర్డు ముందుగా చేతిలో ఉండబట్టే ఇది సాధ్యమైంది. రీసెట్ చేయక తప్పదని మొదటే తెలిసినా వెతుకులాటే ముందు జరగాలి అనడానికి నాకు కనిపించిన బలమైన కారణం ఇదే.

కొత్త పాస్‌వర్డు పెట్టేటప్పుడు మామయ్యగారు అలవాటుగా తన మొబైల్ నంబరు చెప్పబోయారు. యువకుడు వద్దన్నాడు గాని ఎందుకో విడమరచి చెప్పలేదు, ఆ లోటును ఇక్కడ పూరిస్తాను. మన దేశంలో మొబైల్ నంబరు 6, 7, 8, 9లలో ఒక అంకెతో మొదలై పది అంకెలు ఉంటుంది కనుక మొత్తం 400 కోట్ల కంటే ఎక్కువ నంబర్లు సాధ్యం కావు. ఎక్కువలాగే వినిపిస్తుంది గాని, ఫోను రౌటరుకు కలిసే క్షణంలో గాలిలో జరిగే సంభాషణను వీధిలో ఉండి పట్టుకున్నవాడికి, ఆ తరువాత తీరికగా తన ఇంట్లో శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డుతో ఆ 400 కోట్లనూ ప్రయత్నించడం కొన్ని గంటల పని. ఇంటివారి నంబరు తెలిసిన పొరుగువారికైతే ఆ శ్రమ కూడా ఉండదు. ఇళ్లలో సాధారణంగా వాడే డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిలో పాస్‌వర్డు 8 నుంచి 63 అక్షరాల వరకు ఉండవచ్చు. ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే ఇంటివారికి గుర్తుంటుంది, యంత్రానికి మాత్రం ఊహించడం చాలా కష్టమవుతుంది. అత్తయ్య అలాంటిదే ఒకటి అనుకున్నారు. ఆమె టైపు చేస్తున్నంతసేపూ ఆ యువకుడు లేచి వెళ్లి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే అలా చేసినందుకు ఆ షాపు మీద నాకు గౌరవం పెరిగింది.

డబ్ల్యూపీఎస్‌ను కూడా అడగకుండానే ఆపేశాడు, అదీ సరైన పనే. ఆ పద్ధతిలోని ఎనిమిది అంకెల పిన్నును రౌటరు రెండు ముక్కలుగా సరిచూస్తుంది, పైగా చివరి అంకె మిగిలినవాటి నుంచి లెక్కకట్టి వచ్చేదే. అందువల్ల కోట్లలో ఉండవలసిన ప్రయత్నాలు 11,000కు కుదించుకుపోతాయని స్టెఫాన్ వీబోక్ అనే పరిశోధకుడు 2011 డిసెంబరులో బయటపెట్టారు. భద్రతా పద్ధతిగా డబ్ల్యూపీఏ3 ఒక్కదాన్నే కాక డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన దాన్ని ఎంచుకున్నాడు, ఎందుకంటే 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3ని ఆ పాత కెమెరాలు అర్థం చేసుకోలేవు. అన్నీ కుదిరాక సెట్టింగులను ఒక ఫైలుగా మామయ్యగారి కంప్యూటరులో దాచిపెట్టాడు. మళ్లీ ఎప్పుడైనా రీసెట్ అయితే అడ్మిన్ పేజీలోంచి ఆ ఫైలును ఎక్కిస్తే అన్నీ యథాస్థానానికి వస్తాయి.

ఈ షాపులో మెచ్చదగ్గ మరో సంగతి సీటీసీలోనే చూశాను. నేను మాట్లాడుతుండగా ఒకరు వచ్చి పక్క ఫ్లాటు వైఫై పాస్‌వర్డు తీసి పెడతారా అని అడిగారు, ఎంత ఇమ్మన్నా ఇస్తానన్నారు. ఆ పని చేయమని, అది కేసు అవుతుందని యజమాని రెండు మాటల్లో చెప్పి పంపించారు. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66వ సెక్షన్ ప్రకారం ఇతరుల కంప్యూటరులోకి, నెట్‌వర్కులోకి దురుద్దేశంతో అనుమతి లేకుండా చొరబడితే మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇంటికి వచ్చినప్పుడు కూడా వారి మనిషి ముందుగా ఇంటర్నెట్ బిల్లు మీద ఎవరి పేరుందో చూశాకే పని మొదలుపెట్టాడు. తాళం మరచినవారికి తలుపు తెరిచిపెట్టే పని వంటిది కనుక ఆ మాత్రం విచారణ ఉండాలి.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రం ఐదింటికి వస్తామన్నవారు ఎనిమిది దాటాక వచ్చారు, ఆలస్యమవుతుందని ఫోను కూడా చేయలేదు. పెద్దవారు మాత్రమే ఉండే ఇళ్లలో ఇది ఇబ్బంది. అంతకంటే పెద్ద అభ్యంతరం వారి జాబ్ స్లిప్పు మీద. పరికరం పేరు, సమస్య, ఛార్జీలతో పాటు అందులో 'పాస్‌వర్డు' అనే గడి కూడా ముద్రించి ఉంది, ఆ స్లిప్పు నకలు షాపులోనే ఉండిపోతుంది. ఖాళీగా వదిలేయమంటే అతడు వెంటనే వదిలేశాడు, నిజమే; కానీ అడగడం తెలియని వినియోగదారుల పాస్‌వర్డులు ఆ పుస్తకంలో వరుసగా పేరుకుంటూ ఉంటాయి కదా. టైపు చేసేటప్పుడు కిటికీ వైపు తిరిగేంత మర్యాద తెలిసినవారు ఆ గడిని స్లిప్పు నుంచే తీసేయాలని యజమానికి చెప్పాను. రౌటరు సాఫ్ట్‌వేరును తాజా చేయడం కూడా నేను గుర్తుచేస్తేనే జరిగింది. ఛార్జీ ఇంటికి వచ్చినందుకు 400 రూపాయలు, షాపులోనే అయితే 150. చేసిన పనిని బట్టి చూస్తే ఎక్కువేమీ కాదు.

ఇలాంటి అవసరం పడినప్పుడు ఇంటర్నెట్‌లో 'రౌటర్ కస్టమర్ కేర్' అని వెతికి పైన కనిపించిన నంబరుకు ఫోను చేసేవారిని చూస్తుంటే మాత్రం నాకు భయం వేస్తుంది. వాటిలో నకిలీవి ఉంటాయి. ఫోను తెరను దూరం నుంచి చూపించే యాప్ వేయించి, పాస్‌వర్డు సాయం పేరుతో బ్యాంకు ఖాతా దాకా వెళతారు. రౌటరు పాస్‌వర్డు కోసం మీ ఫోను తెరను ఎవరికీ చూపవలసిన పని లేదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ సొమ్మును ఖాతాల మధ్యలో ఆపడానికి అంత వీలుంటుంది.

ఇంట్లో ఒక్క ఫోనైనా కలిసి ఉండి, కావలసింది వైఫై పాస్‌వర్డు మాత్రమే అయితే ఈ షాపుకు గాని మరొకరికి గాని డబ్బు ఇవ్వనక్కరలేదు, పైన చెప్పిన పద్ధతిలో మీరే చూసుకోవచ్చు. అడ్మిన్ పాస్‌వర్డు కూడా పోయి, కెమెరాలు, కిరాయి వాటాలు ఉన్న ఇళ్లకు మాత్రం వీరిని ఇంటికే పిలవమంటాను. షాపులో మీ ఫైబరు ఉండదు కనుక అక్కడ రీసెట్ చేసి ఇవ్వగలరే గాని ఇంటర్నెట్ వస్తోందో లేదో చూడలేరు. అయినా షాపుకే తీసుకెళ్లేటట్టయితే రౌటరుతో పాటు దాని అడాప్టరును కూడా తప్పక సంచిలో పెట్టుకోండి. 9 వోల్టులది, 12 వోల్టులది ఒకే రకం పిన్నుతో వస్తాయి, మరొకరి అడాప్టరు తగిలిస్తే రౌటరు కాలిపోయే ప్రమాదం ఉంది.